చిన్న గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను పెంచవచ్చా?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై): మా అమ్మాయి కోసం కొళత్తూరులో రెండు గోల్డ్‌ఫిష్‌లను, ఐదు లీటర్ల గుండ్రటి గాజు గిన్నెను కొన్నాము. రోజూ నీళ్లు మారిస్తే సరిపోతుందని దుకాణంలో చెప్పారు గానీ, చేపలు మాటిమాటికీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (అడయారు): సరిపోదండి. చేప మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది. దానిని మొదట నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజిపై స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, ఫిల్టరే లేని గిన్నెలో ఆ విషం త్వరగా పేరుకుంటుంది. దానికి తోడు మన ఎండలు! 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద అది 7.5కి పడిపోతుంది. మీ చేపలు పైకి రావడం ఊపిరాడకే కావచ్చు. ఈ రోజే గాలి పంపు పెట్టండి.

జవాబు (టి. నగర్): పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కామెట్ అనే గోల్డ్‌ఫిష్ రకం 30 సెంటీమీటర్ల వరకు పెరగగలదు, బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. ఇటలీలోని మోంజా నగరం 2004లోనే గుండ్రటి గిన్నెలను నిషేధించింది. అమ్మేవారే ఈ సంగతి ముందుగా చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. పెద్ద తొట్టి వచ్చేదాకా ఏం చేయాలి?

జవాబు (అడయారు): మేత బాగా తగ్గించి, రోజూ సగం నీటిని మాత్రమే మార్చండి; కొత్త నీటిలో క్లోరిన్ తొలగించే మందు తప్పనిసరిగా కలపండి.