కబైల్ కుండలు, వెండి నగలు ప్రదర్శనలో అమ్మాలంటే?

ప్రశ్న: నమస్కారమండీ. మేము ఫ్రాన్స్‌లో లియోన్‌లో ఉంటున్నాం. మా పై అంతస్తులో అల్జీరియాకు చెందిన కబైల్ కుటుంబం ఉంది. కబైల్ అంటే ఉత్తర అల్జీరియా కొండల్లోని బెర్బెర్ ప్రజలు. జనవరి 12న వాళ్ల కొత్త సంవత్సరం, యెన్నాయర్. ఆ రోజు వాళ్ల సంఘం పెట్టే ప్రదర్శనలో ఒక బల్ల నన్ను చూసుకోమన్నారు. వాళ్ల ప్రాంతంలోని మాత్కాస్ అనే ఊరి కుండలు, ఆత్ యెన్ని అనే ఊరి వెండి నగలు వస్తాయి. అమ్మేటప్పుడు దేనికి జాగ్రత్త పడాలి? నగలు బాగా నల్లబడ్డాయి, చింతపండుతో తోమవచ్చా?

జవాబు: చింతపండు జోలికి అసలు వెళ్లకండి. ఆత్ యెన్ని నగల్లో పొదిగిన ఎర్రటివి పగడాలు. పులుపు తగిలితే వాటి మెరుపు పోతుంది. నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో కనిపించేది వెండి తీగల గదుల్లో కరిగించి నింపిన ఎనామిల్, అంటే రంగు గాజు పూత. గట్టిగా రుద్దితే అంచుల దగ్గర పెచ్చులు లేస్తాయి. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. సందుల్లో నలుపు ఉంటేనే తీగపని ఎత్తుగా కనిపిస్తుంది, కొనేవాళ్లలో చాలామంది అదే కోరుకుంటారు.

పగడం అసలుదో కాదో భూతద్దంతో చూడండి. అసలు పగడంలో సన్నటి నిలువు గీతలుంటాయి, ప్లాస్టిక్‌లో అచ్చు అతుకు కనిపిస్తుంది. సందేహముంటే చీటీ మీద ‘పగడం’ అని రాయకండి. కాల్చిన సూది పరీక్షలు మాత్రం వద్దు.

ఇక చట్టం సంగతి. ఫ్రాన్స్‌లో 30 గ్రాములు దాటిన వెండి నగకు ప్రభుత్వ ముద్ర ఉండాలి. మన హాల్‌మార్క్ వంటిదే. కస్టమ్స్ కింద ఉండే గ్యారంటీ కార్యాలయంలో వేయించాలి. అంతకన్నా తేలికైనవాటికి మినహాయింపు ఉంది కానీ, వెయ్యికి 800 పాళ్ల వెండి కూడా లేనిదాన్ని వెండి అని అమ్మకూడదు. ముందే ప్రతి నగనూ తూకం వేసి, 30 గ్రాములు దాటినవి, దాటనివి రెండు పెట్టెల్లో సర్దుకోండి.

మరొకరు: కుండల గురించి నేను చెబుతాను. మాత్కాస్ ఆడవాళ్లు కుమ్మరి సారె వాడరు. చేతితోనే పేర్చి, గులకరాయితో నునుపు చేసి, ఆరుబయట మంటలో కాలుస్తారు. వేడిగా ఉన్నప్పుడే కొన్నిటికి చెట్టు బంక పూస్తారు, ఆ పసుపు మెరుపు దానిదే. తక్కువ వేడిలో కాలినవి కాబట్టి నీళ్లు పీలుస్తాయి. ‘అలంకారానికి మాత్రమే’ అని చీటీ పెట్టండి. లేదంటే ఎవరో పులుసు కాచుకుని మీ మీదికి వస్తారు! ఎత్తేటప్పుడు చెవి పట్టుకోకుండా అడుగున చేయి పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు: చాలా కృతజ్ఞతలు. ఒక పెద్ద గుండ్రటి పిన్ను ఉంది, వాళ్ల అత్తగారిదట. వెనక వైపు కూడా ఎనామిల్ ఉంది. దాన్నీ అమ్మమంటున్నారు.

జవాబు: అది తబ్జిమ్త్ అనే కబైల్ గుండ్రటి పిన్ను కావచ్చు. వెనక వైపూ పని ఉందంటే శ్రద్ధగా చేసిన నగే. పాతవాటి విషయంలో తొందరపడకండి. అల్జీరియాలో 1998 నాటి వారసత్వ చట్టం ఉంది, రక్షిత వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఆ నగ ఎప్పుడు, ఎలా ఫ్రాన్స్ చేరిందో కాగితం ఉంటే సరే. లేకపోతే ‘అమ్మకానికి కాదు’ అని పెట్టి, పక్కన కొత్త నగలు అమ్మండి.

మరొకరు: ఒక్క మాట. కుండలు చేసినవాళ్లకు డబ్బు అమ్ముడైన తర్వాత ఇస్తామనకండి, ముందే ఇచ్చి కొనండి. పగిలిన నష్టం కూడా బల్ల దగ్గర ఉన్నవాళ్లదే అవుతుంది.