4,200 పెళ్ళి ఫొటోలు, 40 షీట్ల ఆల్బమ్: ఎంపిక ఎలా చేసుకోవాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి ఒక సభ్యుడు)

సభ్యులందరికీ నమస్కారం. గత శ్రావణంలో అనంతపురంలోని ఒక కల్యాణ మండపంలో మా చెల్లెలి పెళ్ళి జరిగింది. మన వైపు అలవాటు ప్రకారం ముందు రోజు రాత్రి రిసెప్షన్, మరునాడు తెల్లవారుజామున ముహూర్తం. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక వీడియోగ్రాఫరు పనిచేశారు. మొత్తం 4,200 ఫొటోలు హార్డ్ డిస్కులో వేసి ఇచ్చి, ఆల్బమ్‌కు కావలసినవి ఎంచి పంపమన్నారు. మాట్లాడుకున్నది 12×36 అంగుళాల సైజులో 40 షీట్ల కరిజ్మా ఆల్బమ్ (ఫొటోలను డిజైనుగా కూర్చి షీట్ల మీదే అచ్చువేసేది). ఇంట్లో తలా ఒక మాట చెప్పగా చెప్పగా 700 ఫొటోలు తేలాయి. అన్ని పట్టవని ఆయన తిప్పి పంపారు. ఆ తరువాత మేము మళ్ళీ కూర్చోలేకపోయాము. ఎనిమిది నెలలు గడిచాక ఆయనే సొంతంగా డిజైను చేసి వాట్సాప్‌లో పంపారు.

ఆ నమూనాలో మా జేజి (నాయనమ్మ) ఒక్క షీట్‌లోనూ సరిగా లేదు. పెళ్ళయిన మూడు నెలలకే ఆమె కాలం చేసింది. మా అమ్మ ఆ నమూనా చూసి, ఈ ఆల్బమ్ నాకు వద్దని పక్కన పెట్టేసింది. పైగా చెల్లెలు కట్టుకున్న కుంకుమ ఎరుపు ధర్మవరం పట్టుచీర గులాబీ రంగులో కనిపిస్తోంది. మార్పులు చేయాలంటే అదనంగా డబ్బు కట్టాలంటున్నారు. మొత్తం సొమ్ము ముందే ఇచ్చేశాము. మమ్మల్ని అడగకుండా చెల్లెలి ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా పెట్టుకున్నారు. ఇప్పుడు ఏం చేయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం (ప్రొద్దుటూరులో ఆల్బమ్ డిజైన్ పని చేసే సభ్యురాలు)

తమ్ముడూ, ముందుగా లెక్క చూసుకోండి, ఎందుకంటే 700 ఫొటోలు పంపినప్పుడే చిక్కు మొదలైంది. 12×36 షీట్ అంటే విప్పి పెట్టినప్పుడు కనిపించే రెండు పేజీలు కలిసిన పొడవు. దానిలో నాలుగు ఫొటోలు పెడితే మనుషుల ముఖాలు నిండుగా కనిపిస్తాయి, ఆరు దాటితే తపాలా బిళ్ళల్లా అయిపోతాయి. మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు వంటి ఘట్టాలకు షీట్ మొత్తం ఒకే ఫొటో ఇవ్వాలనిపిస్తుంది. కాబట్టి 40 షీట్లకు మీరు ఎంచవలసినవి 150 నుంచి 170 మాత్రమే. ఈ సంఖ్యను ఫొటోగ్రాఫరు మీకు మొదటిరోజే చెప్పి ఉండవలసింది. చెప్పకపోవడం ఆయన లోపమే. అయినా ఎంపిక మాత్రం ఇంటివాళ్ళే చేయాలి, ఎందుకంటే మీ జేజి ఎవరో డిజైన్ చేసేవారికి తెలియదు. వాళ్ళకు ఆమె వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ, అంతే.

అందుకని ఫొటోలు తెరవకముందే ఒక తెల్లకాగితం మీద మనుషుల పేర్లు రాయండి. అమ్మానాన్నలు, జేజి, మేనమామలు, మేనత్తలు, పెళ్ళికొడుకు తరఫు పెద్దలు, చెల్లెలి స్నేహితురాళ్ళు, ఇలా ఎవరు లేకపోతే రేపు మనసు కష్టపడుతుందో వాళ్ళందరినీ రాసి, ఒక్కొక్కరికి కనీసం ఒక మంచి ఫొటో వెదికి పెట్టండి. ఆ తరువాతే నలుగు, గౌరీపూజ, కాళ్ళు కడగడం, జీలకర్ర బెల్లం, మాంగల్యం, తలంబ్రాలు, బిందెలో ఉంగరాలు తీయడం, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అని తంతుల వరుసకు వెళ్ళండి. చాలా ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతుంది. తంతులకు బాగా వచ్చిన ఫొటోలన్నీ ముందే ఎంచేస్తారు, చివర మనుషులకు చోటు మిగలదు. జీలకర్ర బెల్లం ఒక్కదానికే ముప్పై ఫొటోలు తీసి ఉంటారు, వాటిలో రెండు చాలు.

ఎంపిక పట్టీ పంపేటప్పుడు ఫైలు నంబరు ఒక్కటే రాయవద్దు. ఇద్దరు ఫొటోగ్రాఫర్ల కెమెరాలు కాబట్టి ఒకే నంబరుతో రెండు వేర్వేరు ఫొటోలు ఉండవచ్చు. మామూలుగా కెమెరాలో లెక్క 9999కి చేరిన తరువాత మళ్ళీ 0001 నుంచి మొదలవుతుంది. ఏ ఫోల్డరులోని నంబరో కలిపి రాయండి. అంతకంటే తేలిక ఏమిటంటే, ఎంచిన ఫైళ్ళను పేరు మార్చకుండా వేరే ఫోల్డరులోకి కాపీ చేసి, ఆ ఫోల్డరునే పెన్‌డ్రైవులో ఇవ్వడం. ఫోనులో స్క్రీన్‌షాట్లు తీసి పంపితే డిజైనరు ఒక్కొక్క దాన్ని కళ్ళతో పోల్చుకుంటూ వెదకాలి. మీ ఆలస్యంలో కొంత అక్కడే పుట్టి ఉంటుంది. ఇంకొక మాట. రెండు కెమెరాల గడియారాల్లో నాలుగైదు నిమిషాల తేడా ఉంటే ఫొటోల వరుస కలగాపులగమై, తలంబ్రాల తరువాత మాంగల్యధారణ వచ్చినట్లు కనిపిస్తుంది. ఆ తేడాను సవరించమని ఆయనకు చెప్పండి, చిన్న పనే.

ఇప్పుడు జేజి సంగతి. ఆమె ఏ ఫొటోలోనైనా పక్కన కూర్చుని కనిపిస్తే, ఆ ఫొటో అసలు ఫైలును కంప్యూటరులో పెద్దది చేసి ముఖం ఎన్ని పిక్సెళ్ళు (బొమ్మలోని చుక్కలు) ఉందో చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000×4000 పిక్సెళ్ళు ఉంటుంది. అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి, 200 వరకు తగ్గినా సర్దుకోవచ్చు. ఆమె తల నుంచి నడుము వరకు ఉన్న భాగం 1200 పిక్సెళ్ళ ఎత్తు ఉంటే నాలుగు అంగుళాల నుంచి ఆరు అంగుళాల ఎత్తు ఫొటో నిక్షేపంగా వస్తుంది. అంతకంటే పెద్దది చేయమని పట్టుబట్టకండి. ఈమధ్య బొమ్మను పెద్దది చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి గానీ, అవి లేని వివరాన్ని తామే ఊహించి కల్పిస్తాయి కాబట్టి ముఖం నున్నగా వస్తుందే తప్ప మీ జేజి ముఖంలా ఉండదు.

ఫొటోల్లో దొరకకపోతే వీడియో మొత్తం చూడండి. ఎడిట్ చేసిన గంట వీడియో కాదు, కత్తిరించని అసలు ఫుటేజీ. వీడియోగ్రాఫరు అతిథుల మీదుగా కెమెరా తిప్పినప్పుడు పెద్దవాళ్ళు తప్పక పడతారు. 4కేలో తీసి ఉంటే ఒక్కొక్క ఫ్రేము, అంటే వీడియోలోని ఒక్కొక్క నిలిచిన బొమ్మ, 3840×2160 పిక్సెళ్ళు, అంటే 300 లెక్కన దాదాపు 12.8×7.2 అంగుళాల ఫొటోకు సరిపోతుంది. ఫుల్ హెచ్‌డీ అయితే 6.4×3.6 అంగుళాలు. వీడియోలో కదిలే మనిషి ఫ్రేము మసకగా ఉంటుంది కాబట్టి ఆమె కదలకుండా ఉన్న క్షణాన్ని ఒక్కొక్క ఫ్రేముగా జరుపుతూ పట్టుకోవాలి. ఓపిక కావాలి, కానీ దొరుకుతుంది. నా దగ్గరకు వచ్చిన ఆల్బమ్‌లలో పెద్దవాళ్ళ ఫొటోలు చాలా వరకు ఇలా తీసినవే. ఆమె ముఖం మీద ముడతలు తుడిచేయవద్దని, ఎవరి రంగూ తెల్లగా మార్చవద్దని డిజైనరుకు రాసి ఇవ్వండి. అడగకపోయినా అందరి ముఖాలకూ ఒకే పూత పూయడం కొందరికి అలవాటు.

సమాధానం (కడప నుంచి ఒక సభ్యురాలు)

బాబూ, చీర రంగు విషయంలో మా ఇంట్లో ఎదురైన అనుభవం చెబుతాను. మా అమ్మాయి పెళ్ళి ఆల్బమ్‌లోనూ ఎర్రచీర ఇలాగే వెలిసినట్లు వచ్చింది. నేను ఫొటోగ్రాఫరు కొట్టుకు వెళ్ళి అడిగితే, వేదిక మీద ఊదా రంగు ఎల్ఈడీ దీపాలు పెట్టారని, ఆ వెలుగు చీర మీద పడి రంగు మారిందని చెప్పారు. అప్పుడు ఆ చీరకు జతగా వచ్చిన రవిక ముక్కను తీసుకెళ్ళి మానిటరు పక్కన పెట్టి, దానికి సరిపోయేలా సరిచేయించుకున్నాను. మీరూ అలా చేయండి. మాటలతో ఎరుపు, కుంకుమ, మెరూన్ అని ఎంత చెప్పినా ఎవరి కంటికి తోచిన ఎరుపు వాళ్ళకు ఉంటుంది.

సమాధానం (ప్రొద్దుటూరు సభ్యురాలు)

అమ్మగారు చెప్పినది నిజమైన ఉపాయం. దానికి ఒకటి చేరుస్తాను. చిక్కని ఎరుపు పట్టు మీద గట్టి వెలుగు పడితే కెమెరా సెన్సరులో ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోయి, చీర మడతలు, జరీ బుటాలు కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి. జేపీఈజీ ఫైలులో, అంటే కుదించిన మామూలు ఫొటో ఫైలులో, పోయిన ఆ వివరం తిరిగి రావడం కష్టం. కెమెరా సెన్సరు పట్టినదంతా ఉండే రా (RAW) ఫైలు ఉంటే చాలావరకు వెనక్కు లాగవచ్చు. కాబట్టి వధువు ఒంటరిగా ఉన్న పది, పన్నెండు ముఖ్యమైన ఫొటోలనైనా రా ఫైలు నుంచి మళ్ళీ తయారుచేయమని అడగండి. ఆయన కార్డులు, డిస్కులు చెరిపేయకముందే ఈ మాట చెప్పడం మంచిది.

వాట్సాప్‌లో వచ్చిన నమూనాను చూసి రంగు మీద గానీ, స్పష్టత మీద గానీ తీర్పు చెప్పవద్దు. మామూలుగా పంపిన ఫొటో అక్కడ బాగా కుదించుకుపోతుంది, ఫోను తెరలు రంగులను సహజం కంటే ఎక్కువ చేసి చూపిస్తాయి. డాక్యుమెంటుగా పంపమని అడిగి కంప్యూటరులో చూడండి. అలా చూసేటప్పుడు షీట్ సరిగ్గా మధ్యలో, అంటే 18 అంగుళాల దగ్గర మడత వస్తుందని గుర్తుపెట్టుకుని, ఆ గీత మీద ఎవరి ముఖమూ లేకుండా చూడండి. చింపినా చిరగని షీట్లకు మడత దగ్గర ఖాళీ ఉండదు గానీ గీత మాత్రం పడుతుంది. అంచుల్లో కొంత కటింగుకు పోతుంది కాబట్టి చేతులు, పాదాలు అంచుకు ఆనించి పెట్టనివ్వకండి. పేర్ల అక్షరాలు, తేదీ ఇద్దరు వేర్వేరు మనుషులు చదవాలి. తెల్లవారుజామున తీసిన ఫొటోల్లో తెర మీద కనిపించే గరుకుతనం గురించి మాత్రం బెంగ వద్దు, అచ్చులో అది అంతగా కనిపించదు.

సమాధానం (కర్నూలులో న్యాయవాదిగా ఉన్న సభ్యుడు)

హక్కుల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. కాపీరైటు చట్టం, 1957లోని 17వ సెక్షను (బి) ఖండిక ప్రకారం, ఒకరు డబ్బు ఇచ్చి తమ కోసం తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి కాపీరైటు యజమాని. కాబట్టి మీరు సంతకం చేసిన కాగితంలో ఫొటోలు తామే వాడుకుంటామనే షరతు ఉందా అని ముందు చూసుకోండి. లేకపోతే ఇన్‌స్టాగ్రామ్ నుంచి తీసివేయమని అడిగే హక్కు మీకు ఉంది. అయితే కాపీరైటు మీదే అయినంత మాత్రాన రా ఫైళ్ళు అప్పగించవలసిన బాధ్యత ఆయన మీద దానంతట అదే పడదు, అది మాట్లాడుకున్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

ఆల్బమ్ ఇవ్వకపోతే అది వినియోగదారుల సేవాలోపం కిందికి వస్తుంది. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, వివాద కారణం పుట్టిన నాటి నుంచి 2 సంవత్సరాల గడువు ఉంటుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించవచ్చు. కానీ మీ విషయంలో ఎంపిక పట్టీ ఇంకా మీ దగ్గరే ఉంది. ఆ పట్టీ ఇచ్చి, ఇన్ని రోజుల్లో కావాలని తేదీ వేసి రాతపూర్వకంగా అడిగిన తరువాతనే ఆలస్యానికి బాధ్యత స్పష్టంగా ఆయన మీదికి వెళుతుంది. ఈరోజు ఫిర్యాదు వేస్తే ఆయన చూపే మొదటి కాగితం మీరు పంపిన 700 ఫొటోల జాబితానే.

మరొక ప్రశ్న (కడప నుంచి ఒక సభ్యుడు)

మా అబ్బాయి పెళ్ళి మాఘంలో ఉంది. ఇలాంటివి రాకుండా ముందుగా ఏం రాసుకోవాలి?

సమాధానం (ప్రొద్దుటూరు సభ్యురాలు)

అన్నా, షీట్లు ఎన్ని, అదనపు షీటుకు ఎంత, డిజైనులో ఎన్నిసార్లు మార్పులు ఉచితం, మీరు ఎంపిక ఇచ్చిన రోజు నుంచి ఎన్ని రోజుల్లో ఆల్బమ్, అసలు ఫైళ్ళు ఇస్తారా లేదా, ఇవన్నీ ఒక కాగితం మీద ఉండాలి. సొమ్ములో ఒక భాగం ఆల్బమ్ చేతికి వచ్చాకే ఇచ్చేలా మాట్లాడుకోండి. రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి రాసే కెమెరా వాడతారా అని అడగండి. మండపం విమానాశ్రయానికి దగ్గరలో ఉండి డ్రోన్ ఎగరేయాలనుకుంటే అనుమతి సంగతి డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో ముందే చూడమనండి.

అన్నింటికంటే ముఖ్యంగా, రెండు వైపుల నుంచీ బంధువులందరినీ ఎరిగిన ఒక్కొక్క మనిషిని ఫొటోగ్రాఫరు పక్కన నిలబెట్టండి. కుటుంబాల గ్రూపు ఫొటోలు రిసెప్షన్ రాత్రే తీయించేయండి. ముహూర్తం ముగిశాక పెద్దవాళ్ళు అలసిపోయి భోజనాల వైపు వెళ్ళిపోతారు, మళ్ళీ పిలిస్తే రారు. నడవలేని పెద్దవాళ్ళు ఉంటే వేదిక మీదికి రప్పించకుండా కెమెరానే వాళ్ళ కుర్చీ దగ్గరకు పంపండి.

తిరిగి ప్రశ్న వేసిన సభ్యుడు (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం అమ్మ, నేను, చెల్లెలు కూర్చుని మొదట పేర్ల పట్టీ రాసి, 164 ఫొటోలు ఎంచి ఫోల్డరు చేసి ఇచ్చాము. తేదీ వేసిన కాగితం మీద ఫొటోగ్రాఫరు సంతకం పెట్టారు. మూడు చోట్ల మార్పులకు డబ్బు అడగనన్నారు. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు తీసేశారు. వీడియో ఫుటేజీలో జేజి దొరికింది. తలంబ్రాలు పోసుకుంటుండగా ముందు వరుసలో కూర్చుని చెల్లెలి వైపు చూస్తోంది. 4కేలోనే తీశారట. ఆ ఫ్రేమును తలంబ్రాల షీట్‌లోనే ఎడమ పేజీ మొత్తానికి వేయవచ్చునా?

సమాధానం (ప్రొద్దుటూరు సభ్యురాలు)

ఎడమ పేజీ 12×18 అంగుళాలు తమ్ముడూ. మీ ఫ్రేము అడ్డంగా 12.8 అంగుళాల వరకే పదునుగా ఉంటుంది. పేజీ మొత్తం నింపితే ముఖం మెత్తబడుతుంది. 12 అంగుళాల వెడల్పుకు పెట్టి, చుట్టూ ఖాళీ వదిలి, ఆ పేజీలో వేరే ఫొటో ఏదీ పెట్టవద్దని చెప్పండి. కుడి పేజీలో తలంబ్రాలు పోసుకుంటున్న చెల్లెలి ఫొటో పెడితే జేజి ఆమెనే చూస్తున్నట్లు ఉంటుంది. జేజి ఏ వైపు చూస్తోందో సరిచూసుకోండి. ఎడమకు చూస్తుంటే పేజీలు అటుదిటు మార్చండి, బొమ్మను మాత్రం తిరగేయనివ్వకండి, పైట కుడి భుజం మీదికి పోతుంది. ఆ ఒక్క షీటుకు ముందుగా టెస్ట్ ప్రింట్ తీయించి, ట్యూబులైటు కింద కాకుండా పగటిపూట కిటికీ దగ్గర అమ్మకు చూపించి, ఆమె సరేనన్న తరువాత మిగతా 39 షీట్లు అచ్చుకు పంపించండి.