గ్రంథాలయ సిబ్బంది "ఇది చదవండి" అనొచ్చా, అనకూడదా?

నీవా గట్టు
విషయం ఇదీ. గుమ్మంలోనే "మా సిబ్బంది సూచించినవి" అని ఓ ర్యాక్ పెట్టి పుస్తకాలు, పాటల సీడీలు, సినిమా డీవీడీలు పేర్చాలని మన తిరుపతి, చిత్తూరు వైపు చాలామంది అడుగుతున్నారు. నేను వద్దంటాను. మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బుతో నడిచే చోట ఉద్యోగి సొంత ఇష్టాయిష్టాలకు గుమ్మం దగ్గర చోటెందుకు? పుస్తకం ఎక్కడుందో చూపించాలి, ఏది చదవాలో చెప్పడం ఆ కుర్చీ పని కాదు. ఆ ర్యాక్ నిండా ఒకే పార్టీ వాసన, ఒకే స్వామీజీ ప్రవచనాలు ఉంటే అడిగేదెవరు?

పాత తేదీచీటీ
నీవా గారూ, "ఎక్కడుందో చూపిస్తే చాలు" అన్నారు. తెలుగు కథలూ నవలల బీరువా ముందు నిలబడి చూడండి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, అందులో కథలూ నవలలూ 894.8273. ఆ ఒక్క సంఖ్య కిందే గ్రంథాలయంలో ఉన్న తెలుగు నవలలన్నీ వస్తాయి. ఆపైన రచయిత పేరులోని మొదటి అక్షరాలతో సర్దాలి. అక్కడే తేడా కొడుతుంది. ఒకరు ఇంటిపేరుతో సర్దుతారు, ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన సొంత పేరుతో సర్దుతాడు. ఒకే రచయిత పుస్తకాలు రెండు మూలల్లో ఉంటాయి. మొదటిది నచ్చినవాడు రెండోది లేదనుకుని వెళ్లిపోతాడు. పాఠకుడి కళ్ల ఎత్తులో ఉన్న అర ఖాళీ అవుతుంటుంది, నేలమట్టం అర అలాగే పడి ఉంటుంది. అంటే సిఫారసు ఇప్పుడూ జరుగుతోంది, కాకపోతే చేసేది బీరువా.

మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో మూడోది "ప్రతి పుస్తకానికీ ఓ పాఠకుడు". ఆ పాఠకుణ్ణి వెతికిపెట్టే బాధ్యత గ్రంథాలయానిదే అని దాని భావం. ఎలా వెతకాలంటారా, పుస్తకం లోపల అతికించిన తేదీచీటీ చూడండి. మూడేళ్లుగా ముద్ర పడని మంచి పుస్తకం ఆ ర్యాక్ మీదికి రావాలి. నెలకు నాలుగు ముద్రలు పడేదానికి ర్యాక్ ఎందుకు?

గాంధీరోడ్డు
అన్నా, మీరు చెప్పేది బాగానే ఉండాది గానీ, శాఖా గ్రంథాలయంలో ఉండేది ఒకే మనిషి. పొద్దున తలుపు తీసేది ఆయనే, పేపర్లు కర్రలకు బిగించేది ఆయనే, పుస్తకం రాసిచ్చేది ఆయనే. లోపల కూచున్నోళ్లలో ముప్పాతిక మంది గ్రూప్స్‌కు, డీఎస్సీకి సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవోళ్లు. వాళ్లకు కుర్చీ, ఫ్యాను, ప్లగ్గు ఉంటే చాలు. ఇంక సిఫారసు ఎవరికి చేస్తారు? అడిగితే చెప్పు, అడక్కపోతే గమ్మునుండు. అంతే.

పాత తేదీచీటీ
"అడిగితే చెప్పు" దగ్గర నాకూ పేచీ లేదు. అడిగినప్పుడు ఎలా చెప్పాలన్నదే అసలు గొడవ. "మంచి పుస్తకం ఏదన్నా ఇవ్వండి సార్" అంటే వెంటనే పేరు చెప్పేయడం మొదటి తప్పు. ఎదురు ప్రశ్న ఒకటే వెయ్యాలి: "ఈమధ్య మీకు బాగా నచ్చిందేది, అందులో ఏం నచ్చింది?" రెండు నిమిషాల పని. జవాబులో కథ, పాత్ర, ఊరూ వాతావరణం, భాష, ఈ నాలుగింట్లో ఒకటి బయటికొస్తుంది. అమెరికా లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ వీటినే నాలుగు గుమ్మాలంటుంది.

మన దగ్గరి ఉదాహరణ చూడండి. ఒకావిడ చిత్తూరు యాసలో ఉన్న కథల పుస్తకం తిరిగిస్తూ "ఇట్లాంటిదే ఇంకోటి" అడిగిందనుకోండి. ఆమెకు నచ్చింది యాస అయితే మాండలికంలో రాసినవే చూపాలి, అవి కడపవైనా శ్రీకాకుళానివైనా సరే. ఆ కథల్లోని కరువు, బోరుబావి, అప్పు నచ్చి ఉంటే శిష్టభాషలో ఉన్న రైతు నవల కూడా సరిపోతుంది. ఇది అడక్కుండా "ఇదీ చిత్తూరు ఆయన రాసిందే" అని అందిస్తే నాలుగో పేజీ దగ్గర మూసేస్తుంది. రచయిత సొంతూరు చూసి పుస్తకం ఇవ్వడమంత దండగమారి పద్ధతి ఇంకోటి లేదు.

ఇచ్చేటప్పుడు ఒకటి కాదు, మూడు ఇవ్వాలి: ఆమె చెప్పినదానికి దగ్గరగా ఒకటి, కాస్త దూరంగా ఒకటి, 120 పేజీలు దాటని చిన్నది ఒకటి. ఇచ్చాక పక్కకు తప్పుకోవాలి, ఎదురుగా నిలబడితే మొహమాటానికి తీసుకుపోతారు. నచ్చకపోతే 50 పేజీల దగ్గర మానేయొచ్చని కూడా చెప్పండి. యాభై దాటినవాళ్లు వందలోంచి తమ వయసు తీసేసి అన్ని పేజీలు చూస్తే చాలట. 70 ఏళ్ల పెద్దాయనకు 30 పేజీలు. ఇదీ పెర్ల్ లెక్కే.

స్వరలిపి
పుస్తకాల కన్నా పాటల దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, తిరుపతిలో మరీనూ. "అన్నమయ్య ఇవ్వండి" అంటారు. నాలుగు వేరువేరు అవసరాలు ఆ ఒక్క మాటలో ఉంటాయి: సాహిత్యం కావాలా, తాత్పర్యం కావాలా, స్వరలిపి (పాటకు రాసిన సరిగమలు) కావాలా, వినడానికి కావాలా? పాట నేర్చుకునే పిల్లకు తాత్పర్యం సంపుటం ఇచ్చి పంపితే ఆ వారం వృథా.

ఇంకో చిక్కు. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరుంది గానీ స్వరం లేదు. ఇవాళ మనం వినే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. అందుకే ఒకే కీర్తన ఒక గొంతులో ఒక రాగం, ఇంకో గొంతులో ఇంకో రాగం. సీడీలో విన్నది ఒకటి, ఇంటికి తీసుకెళ్లిన స్వరలిపి పుస్తకంలో ఉన్నది ఇంకోటి. పాఠకుడు పుస్తకం తప్పనుకుంటాడు. కాబట్టి ముందు "పల్లవి ఏది, ఎవరు పాడగా విన్నారు" అని అడిగి, పుస్తకంలో ఆ పల్లవి తెరిచి రాగం పేరు సరిచూసి ఇవ్వాలి. దీన్ని కూడా "ఉద్యోగి సొంత ఇష్టం" అంటారా నీవా గారూ?

నీవా గట్టు
అది సిఫారసు కాదు, సరిచూసి ఇవ్వడం. దానికి నా అభ్యంతరం లేదు, ఒప్పుకుంటున్నాను. నా అభ్యంతరం ర్యాక్ మీదా, ఇంకోదాని మీదా. "మీరు పోయినసారి ఫలానాది తీసుకున్నారు కదా, ఇది కూడా చదవండి" అనే పద్ధతి. ఎవరేం చదివారో ఆ మనిషికి ఎందుకు తెలిసుండాలి? విడాకుల చట్టం, కేన్సరు, మానసిక వ్యాధుల మీద పుస్తకాలు తీసుకున్నవాళ్లుంటారు. వెనకాల వరసలో పక్కింటాయన నిలబడి ఉంటాడు.

శేషాచలం 517
నీవా గారు ఇక్కడ నూటికి నూరుపాళ్లు కరెక్టు. పుస్తకాలు అరువిచ్చే పాత బ్రౌన్ పద్ధతి ఈ విషయంలో ఎంత పెద్దమనిషి తరహాదో చూడండి: పుస్తకం కార్డును పాఠకుడి టికెట్ జేబులో పెట్టి, గడువు తేదీ ప్రకారం ట్రేలో ఉంచుతారు. పుస్తకం తిరిగొస్తే కార్డు పుస్తకంలోకి, టికెట్ పాఠకుడి చేతికి. ఎవరు ఏం చదివారో ఆనవాలే మిగలదు. అదే పెద్ద రిజిస్టరులో పేరు, నంబరు, పుస్తకం ఒకే వరసలో రాసే చోట అది ఏళ్ల తరబడి ఉంటుంది, పేజీ తిప్పిన ఎవరికైనా కనబడుతుంది. కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ వాడే చోట పాత అరువుల చరిత్రలో పాఠకుడి పేరు మిగలకుండా చేసుకోవచ్చు. కానీ ముందు అనామక సభ్యుడి పేరిట ఓ ఖాతా తెరిచి దాని సంఖ్య సెట్టింగుల్లో ఇవ్వాలి. ఈ మెట్టు మరిచిపోతే పని జరగదు. సిఫారసు పాఠకుడు నోటితో చెప్పినదాని మీదే జరగాలి, రికార్డు చూసి కాదు.

ర్యాక్ విషయంలో మాత్రం మీతో కలవను. పక్షపాతానికి మందు ర్యాక్ తీసేయడం కాదు, నియమం పెట్టడం. 20 పుస్తకాలకు మించొద్దు. 15 రోజులకోసారి మొత్తం మార్చాలి. ఒకే రచయితవి రెండొద్దు. వివాదం ఉన్న విషయమైతే రెండు పక్షాలవీ ఉండాలి. ఖాళీ అయిన చోట ఆ రోజే ఇంకోటి పెట్టాలి. అయిదారు పుస్తకాలు అటూ ఇటూ వాలి ఉన్న ర్యాక్ చూస్తే, ఎవరో వదిలేసినవి అనుకుంటారు.

చీటీ రాసేటప్పుడు 25 మాటలు చాలు. "అద్భుతం, తప్పక చదవండి" అని రాస్తే ఏం తెలుస్తుంది? "మామిడితోట తగాదా మీద నడిచే 140 పేజీల నవల, సంభాషణలు ఎక్కువ, ముగింపు విషాదం" అంటే చదివేవాడే తేల్చుకుంటాడు. ఆ చీటీని అట్టకు సెల్లోటేపుతో అంటించొద్దు. మన ఎండలకు రెండు వేసవుల్లో టేపు పసుపెక్కి, జిగురు కారి, పీకితే అట్ట రంగుతో సహా ఊడొస్తుంది. రబ్బరు బ్యాండు అట్ట అంచుల్ని కోస్తుంది. రెండంగుళాల వెడల్పు మందపాటి కాగితం పట్టీ లోపల పెట్టి, పైన అంగుళం కనిపించేట్టు వదిలితే సరిపోతుంది.

డిస్కులైతే ర్యాక్ మీద ఖాళీ డబ్బా మాత్రమే పెట్టి, డిస్కు కౌంటర్లో ఉంచండి. డిస్కు మీద కాగితం లేబుల్ అంటిస్తే తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగుతుంది, నంబరు మధ్య రంధ్రం చుట్టూ మార్కరుతో రాయాలి. తుడిచేటప్పుడు గుండ్రంగా కాదు, మధ్యలోంచి అంచుకు నేరుగా. లాభాపేక్ష లేని గ్రంథాలయం చట్టబద్ధంగా కొన్న డిస్కును అరువివ్వడం వాణిజ్య అద్దె కిందికి రాదని 2012 కాపీరైటు సవరణ చెబుతోంది. హాల్లో తెర కట్టి నలుగురికీ వేయడం వేరే సంగతి, దానికి అనుమతి కావాలి. పిల్లలకు సినిమా సూచించే ముందు సెన్సారు సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యూఏలో 7, 13, 16 ఏళ్లని మూడు మెట్లున్నాయి.

గాంధీరోడ్డు
సరే సామీ, 20 పుస్తకాలంటే ఒక్క మనిషికీ కుదర్తాది, ఒప్పుకుంటా. అయితే ఇంకోటి మరిచిపోతా ఉండారు. నగరి, సత్యవేడు, చిత్తూరు పక్క ఇంట్లో తెలుగు మాట్లాడతా, తమిళం మాత్రమే చదవొచ్చేవోళ్లు శానామంది. వాళ్లతో తెలుగులో మాట్లాడి తెలుగు పుస్తకం చేతికిస్తే, తీసుకుని తలూపి టేబుల్ మీద పెట్టేసి పోతారు. చదవడం రాదని ఎవురు చెప్పుకుంటారు? మొదటి ప్రశ్న "ఏం నచ్చింది" కాదు, "ఏ బాసలో చదవతారు" అనేది. 20లో మూడు తమిళానివి పెట్టాల.

పాత తేదీచీటీ
ఇది నేను ముందే రాయాల్సింది. అడిగే తీరు కూడా మార్చొచ్చు: "తెలుగు బీరువా ఇటు, తమిళం అటు, ఎటు చూద్దాం?" అంటే చదవడం రాదని ఒప్పుకోవాల్సిన పనే ఉండదు. తమిళం 894.811, తెలుగు 894.827. సంఖ్యల్లో దగ్గరదగ్గరగానే ఉన్నా, చాలాచోట్ల తమిళ బీరువా తాళం వేసి వెనక గదిలో ఉంటుంది.

గాంధీరోడ్డు
ఆ తాళంచెవి ఎవురి దగ్గరుండాదో ముందు కనుక్కోండన్నా, ర్యాక్ సంగతి రేపు చూద్దాం.