చావెజ్-టేలర్ 1990: ఆ రెండు సెకన్లు రిఫరీ ఆగాల్సిందా?

గోదారిగట్టు:
మెక్సికో బాక్సర్ హూలియో సీజర్ చావెజ్ గొప్పతనం మీద నాకు పేచీ లేదు. కూలియాకాన్‌లో పనికిరాని రైలుపెట్టెలో, గంపెడు సంసారం మధ్య పెరిగిన పిల్లాడు మూడు బరువు విభాగాల్లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. 1980లో ప్రొఫెషనల్‌గా దిగితే 1994 దాకా రికార్డులో ఓటమే లేదు. కానీ అందులో ఒక్క గెలుపు మాత్రం నాకు మింగుడుపడదు. 1990 మార్చి 17, లాస్ వెగాస్. మెల్‌డ్రిక్ టేలర్, 1984 ఒలింపిక్ గోల్డ్ మెడలిస్టు, పన్నెండు రౌండ్లలో ఎక్కువ భాగం చావెజ్‌ని చేతివేగంతో ఆడుకున్నాడు. చివరి రౌండ్‌లో చావెజ్ కుడిచేతి పంచ్‌కి కిందపడ్డాడు, లేచాడు. బెల్ మోగడానికి రెండు సెకన్లు ఉందనగా రిఫరీ రిచర్డ్ స్టీల్ బౌట్ ఆపేశాడు. గెలిచే మనిషి ఓడిపోయాడు. ఇది న్యాయమేనా?

సీమబిడ్డ:
న్యాయమే అన్నా. రిఫరీ పని మనిషిని చూడటం, గడియారాన్ని కాదు. కిందపడ్డ బాక్సర్‌కి పెట్టే కౌంట్ ఎనిమిది దాకా లెక్కపెట్టి, బాగానే ఉన్నావా అని రెండుసార్లు అడిగాడు. టేలర్ తాళ్ళు పట్టుకుని పక్కకి చూస్తున్నాడు, జవాబు లేదు. బౌట్ అయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్తే కంటి చుట్టూ ఎముక విరిగింది, బోలెడు రక్తం మింగాడు అని తేలింది. పాయింట్లలో ముందున్నా లోపల మనిషి అయిపోయాడు. 1982లో ఇదే వెగాస్‌లో కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ దెబ్బలు తిని చనిపోయాకే కదా పదిహేను రౌండ్లని పన్నెండుకి కుదించడం మొదలైంది.

గోదారిగట్టు:
తమ్ముడూ, చివరి పది సెకన్లలో కార్నర్ పోస్టు మీద ఎర్రలైటు వెలుగుతుంది. టేలర్ వెనకాలే వెలుగుతోంది, వీడియోలో మనకే కనిపిస్తోంది. దగ్గర నిలబడ్డవాడికి కనపడలేదంటే నమ్మాలా? స్టీల్ 'బాక్స్' అని మళ్ళీ ఆట మొదలుపెట్టమన్నా చావెజ్ అవతలి మూల నుంచి నడిచొచ్చేలోపు బెల్ మోగేది. ఇంకో పంచ్ తగిలే వీలే లేదు. ఇక కాపాడింది ఎవరిని, దేని నుంచి?
స్కోర్లు చూడు. పదకొండు రౌండ్లకి ఇద్దరు జడ్జీలు టేలర్‌కి 107-102, 108-101 వేశారు. ఒక్కడే 105-104తో చావెజ్‌ని ముందు పెట్టాడు. ఆఖరి రౌండ్‌లో టేలర్ కిందపడ్డందుకు (నాక్‌డౌన్) చావెజ్‌కి 10-8 ఇచ్చినా, ఆ ఇద్దరి కార్డుల్లో 115-112, 116-111తో టేలరే ముందు. స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో, టేలర్ గెలిచినట్టే.

వరంగల్ వాసి:
మీరిద్దరూ స్టీల్ చుట్టూనే తిరుగుతున్నారు. నా దృష్టిలో అసలు ముద్దాయి టేలర్ కార్నర్, అంటే అతని మూలన ఉండి సలహాలిచ్చే ట్రైనర్ల బృందం. అంత ఆధిక్యం పెట్టుకుని, ఆఖరి రౌండ్ కూడా నువ్వే గెలవాలని చెప్పి పంపారు. దూరంగా తిరుగుతూ, అవసరమైతే పట్టుకుని వేలాడి మూడు నిమిషాలు గడిపితే సరిపోయేది. కుర్రాడు ఎదురెళ్ళి కొట్లాడాడు. పైగా కౌంట్ అయ్యే సమయానికి ట్రైనర్ లూ డూవా రింగ్ అంచు మీదికి ఎక్కాడు. టేలర్ తల తిప్పింది ఆయన వైపే. రిఫరీకి కనిపించింది ప్రశ్నకి బదులివ్వని బాక్సర్.

సీమబిడ్డ:
డూవా ఎక్కడం తప్పే, ఒప్పుకుంటా. కానీ జడ్జీల కార్డులు కార్నర్‌కి తెలియవుగా భయ్యా. ఒక జడ్జి నిజంగానే చావెజ్‌కి వేశాడు, ఇంకొకరు అలాగే వేసుంటే? వెగాస్‌లో చావెజ్ మీద రౌండ్ వదులుకోమని ఏ ట్రైనర్ చెప్తాడు?

బెజవాడ బాబు:
అసలు మాట ఎవరూ అనట్లేదేంటి? చావెజ్ ప్రమోటర్, అంటే అతని బౌట్లు ఏర్పాటుచేసే వ్యాపారి, డాన్ కింగ్. మరుసటి ఏడాది టైసన్-రడాక్ బౌట్‌ని తొందరగా ఆపి గొడవ తెచ్చుకున్నది కూడా ఇదే స్టీల్. అక్కడా టైసన్ కింగ్ మనిషే. అర్థమైందా?

వరంగల్ వాసి:
అనుమానం సాక్ష్యం కాదు బాబూ. 1994 జనవరిలో చావెజ్ మొదటిసారి ఓడింది ఫ్రాంకీ రాండల్ చేతిలో. ఆ రోజు నడుము కింద కొడుతున్నాడని చావెజ్‌కి రెండు పాయింట్లు కోసింది ఎవరు? స్టీలే. ఆ పాయింట్ల వల్లే ఓడానని చావెజ్ రిఫరీ మీద మండిపడ్డాడు కూడా. కింగ్ మనిషే అయితే ఆ పని చేస్తాడా?

గోదారిగట్టు:
సరే, అమ్ముడుపోయాడని నేనూ అనను. ఆపడం తొందరపాటు అంటున్నా, అంతే. ఆ రాత్రి తర్వాత టేలర్ మునుపటి టేలర్ కాలేదని అందరూ అంటారు. 1991లో వెల్టర్‌వెయిట్ టైటిల్ గెలిచాడు గానీ ఆ మెరుపు లేదు. 1994లో మళ్ళీ చావెజ్‌తో దిగితే ఎనిమిదో రౌండ్‌లోనే ముగిసింది. తర్వాత్తర్వాత మాట కూడా ముద్దగా మారిపోయింది.

సీమబిడ్డ:
అది పన్నెండు రౌండ్ల దెబ్బల ఫలితం అన్నా, రెండు సెకన్లది కాదు. స్టీల్ ఆపకపోయినా ఆ ఎముక విరిగే ఉంది. ఆ రెండు సెకన్లతో టేలర్‌కి పోయింది బెల్టు, అంటే టైటిల్, అంతే. నువ్వు ఆ లెక్కా ఈ లెక్కా కలిపేస్తున్నావు.

గోదారిగట్టు:
ఆ బెల్టు గురించే కదా నా గొడవంతా! ఒంటికి దెబ్బలెలాగూ మిగిలాయి, గెలుపైనా చేతిలో పెట్టాల్సింది.