వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల బ్లాడర్‌కి జీవితాంతం మాత్రలేనా, బొటాక్సా?

తాటివనం: మా తమ్ముడు కల్లు గీయడానికి ఎక్కి చెట్టు మీంచి పడి ఆరేళ్లయింది, ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు. రోజుకు అయిదుసార్లు పైపు వేసుకుని మూత్రం తీసుకుంటాడు, అయినా మధ్యలో బట్టలు తడుస్తాయి. ఆక్సిబ్యుటినిన్ అని బ్లాడర్ బిగుతు తగ్గించే మాత్ర వేసుకుంటే తడవడం తగ్గింది కానీ నోరు పిడచకట్టుకుపోతోంది, మోషన్ నాలుగు రోజులకోసారి. డాక్టర్ బొటాక్స్ ఇంజెక్షన్ అంటున్నారు, బ్లాడర్ కండరాన్ని వదులు చేస్తుందట. అది మళ్లీ మళ్లీ చేయించాలట, అందుకే మాత్రలతోనే నెట్టుకొస్తే పోలా అని నా వాదన.

చక్రాలబండి: నెట్టుకొచ్చేది మీరు కాదు కదా అన్నా, మీ తమ్ముడు! నేనూ మాత్రలు మూడేళ్లు మింగి వదిలేశాను. 200 యూనిట్లు కెమెరా గొట్టంతో బ్లాడర్ కండరంలో అక్కడక్కడ పొడుస్తారు, నాకు దాదాపు తొమ్మిది నెలలు పనిచేస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం ఆ రోజు చేయకుండా వెనక్కి పంపేస్తారు. ఎలాగూ పైపు వేసుకుంటున్నాడు కాబట్టి కొత్తగా పోయేదేముంది?

అమ్మకూతురు: ఆ "ఎలాగూ" అన్న మాట అందరికీ కుదరదండీ. మా అమ్మకి పార్కిన్సన్స్, తనంతట తనే బాత్రూమ్‌కి వెళ్తుంది. బొటాక్స్ తర్వాత మూత్రం ఆగిపోతే పైపు వేయాలి, వణికే చేతులతో ఆవిడ వేసుకోలేదు. అలాగని ఆక్సిబ్యుటినిన్ లాంటి ఆ పాత రకం మాత్రలు వేస్తే మతిమరుపు, తికమక ఎక్కువయ్యాయి. చివరికి మిరాబెగ్రాన్ అనే వేరే రకం మాత్రకి మార్చారు, బీపీ చూసుకుంటూ వాడుతున్నాం.

ఫిజియో: అందరూ తడవడం గురించే మాట్లాడుతున్నారు. వెన్నుపాము దెబ్బలో అసలు భయం కిడ్నీలకి. బ్లాడర్ బిగుసుకునే సమయానికే కింద కవాటం కూడా బిగుసుకుంటే లోపల ప్రెషర్ పెరిగి మూత్రం పైకి తంతుంది, నొప్పి ఉండదు కాబట్టి ఏళ్లతరబడి ఎవరికీ తెలియదు. పొడిగా ఉన్నాడంటే ప్రెషర్ తగ్గినట్టు కాదు. బ్లాడర్ లోపలి ప్రెషర్ కొలిచే టెస్ట్, యూరోడైనమిక్స్, చేయించారా? మాత్రతో ప్రెషర్ తగ్గకపోతే చవక అని దాన్నే పట్టుకుని కూర్చోవడం తప్పు, నా మాట కటువుగా ఉన్నా సరే.

తాటివనం: ఆ టెస్ట్ మా దగ్గర లేదు సార్, హైదరాబాద్ పోవాలి, ఇద్దరి కూలీ పోతుంది. అల్ట్రాసౌండ్ అయితే పోయినేడు తీయించాం, కిడ్నీలు బాగున్నాయన్నారు.

ఫిజియో: మంచిదే, ఏటా తీయించండి. కానీ స్కాన్‌లో వాపు కనపడేసరికి ఆలస్యమైపోతుంది. ఒక్కసారి పోయి రండి.

చక్రాలబండి: ఇంతకీ అన్నా, తమ్ముడిని అడిగారా, ఆయనేమంటాడు?

తాటివనం: అడగలేదు. సాయంత్రం అడుగుతా.