కారం రుచేనా?

మల్లేశ్వరం నుంచి ప్రశ్న:
నాలుక గుర్తించే రుచుల్లో కారం లేదని మా అబ్బాయికి బడిలో చెప్పారట. మరి ఉగాది పచ్చడి తినిపిస్తూ షడ్రుచులని వాడికి నేర్పింది నేనే. తెలిసినవారు తేల్చండి.

జయనగర్ నుంచి:
బడిలో చెప్పింది నిజమేనండీ. తీపి, పులుపు, ఉప్పు, చేదు, 1908లో ఇకెడా అనే జపాను శాస్త్రవేత్త పేరుపెట్టిన ఉమామి (మాంసం పులుసులో, పుట్టగొడుగుల్లో తగిలే కమ్మదనం): రుచిమొగ్గలు పట్టేవి ఇవి. మిరపలోని క్యాప్సైసిన్ తగులుకునేది వీటికి కాదు, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని పసిగట్టే నరాల గ్రాహకానికి. 1997లో దాని ఆచూకీ తీసిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్. 2021 నోబెల్‌లో ఆయనకూ వాటా దక్కింది. అన్నం చల్లగా ఉన్నా మెదడుకు మాత్రం ‘కాలుతోంది’ అనే కబురే అందుతుంది. మిరియాలు చేసేదీ ఇదే.

మన వాడుక చూడండి. నిప్పు మండుతుంది, మిరపకాయ కొరికితే నోరూ మండుతుంది. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నలుపుకుంటే కన్నూ మండుతుంది. పంచదార అంటిన చేత్తో నలుపుకుంటే కంటికి తీపి తెలియదు కదా! ‘పుండు మీద కారం చల్లినట్టు’ అంటాం. పుండుకు రుచిమొగ్గలు లేవు, వేడినీ నొప్పినీ చెప్పే నరాలు ఉన్నాయి. ఇది చదివి పూర్వీకులకు నాడీశాస్త్రం తెలుసని ఊరేగింపు తీయకండి. మండింది కాబట్టి మండిందన్నారు, అంతే.

కె.ఆర్. పురం నుంచి:
బాగుంది. మరి ఆవపిండి సంగతి? ఆవకాయ కలిపేటప్పుడు నాలుక కంటే ముందు ముక్కు అదురుతుందే!

జయనగర్ నుంచి:
అందుకే దాన్ని ఘాటు అంటాం. ఆవపిండికి తడి తగిలితే పుట్టే నూనె ఆవిరై ముక్కులోకి ఎక్కుతుంది, అక్కడి నరాల్లో వేరే గ్రాహకాన్ని తడుతుంది. క్యాప్సైసిన్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, నోటినే పట్టుకుంటుంది. అది నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆవకాయన్నంలో నెయ్యి ఊరికే పోసుకోవడం లేదు.

మల్లేశ్వరం నుంచి:
అంటే షడ్రుచులు తప్పా?

జయనగర్ నుంచి:
కాదండీ. ఆ లెక్కలో నోట పెట్టుకుంటే తెలిసేదంతా రుచే. వగరు కూడా అలా చేరిందే: పచ్చి అరటికాయలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటే జారుడు పోయి నాలుక బరుసెక్కుతుంది. అందులో స్పర్శ పాలే ఎక్కువ. పచ్చడిలో ఆరూ వేయండి. బెంగళూరులో కొన్న బ్యాడగి రకం మిరపకారమైతే మాత్రం ఇంకో చిటికెడు పడుతుంది, దానికి రంగే తప్ప మంట తక్కువ.