యాక్సెప్ట్ అయ్యాక 1,200 డాలర్ల బిల్లు, పేపర్ వెనక్కి తీసుకోవాలన్నా ఫీజే. కట్టాలా?

ఫార్మా_స్కాలర్:
అందరికీ నమస్కారం. ఫార్మకాలజీలో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను. థీసిస్ సబ్మిట్ చేయాలంటే మా యూనివర్సిటీలో రెండు పేపర్లు ఉండాలి. ఒక జర్నల్ వాళ్లు నా పరిశోధనను తెగ పొగుడుతూ మెయిల్ పెడితే రెండో పేపర్ వాళ్లకు పంపాను. వారం తిరక్కుండానే యాక్సెప్ట్ అయింది. రివ్యూ అంటే రెండే వాక్యాలు, అందులో ఒకటి ఇంగ్లిష్ సరిచూసుకోమని. మర్నాడే 1,200 డాలర్లకు ఇన్వాయిస్! అంతకుముందు ఏ మెయిల్‌లోనూ ఫీజు మాటే లేదు. వెనక్కి తీసుకుంటానంటే ప్రాసెసింగ్ అయిపోయింది, విత్‌డ్రాయల్ ఫీజు 400 డాలర్లు కట్టమంటున్నారు. నాకింకా ఫెలోషిప్పే పడలేదు. గైడ్ గారేమో "ఎలాగోలా కట్టి వదిలించుకోమ్మా" అంటున్నారు. కట్టకపోతే కేసు పెడతారా? ఇదే పేపర్ ఇంకో చోటికి పంపొచ్చా?

లైబ్రరీ_మూర్తి:
అమ్మా, కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టారా లేదా, ముందు అది చెప్పండి.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. ఇలాంటి ఇన్వాయిస్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ముందు పొగడ్త, వెంటనే యాక్సెప్టెన్స్, ఆ తర్వాత ఫీజు, వెనక్కి ఇమ్మంటే మొండికేయడం. జర్నల్స్ వేసే మన హైదరాబాద్ కంపెనీ ఓమిక్స్ మీద అమెరికాలో నడిచిన కేసులోనూ ఇవే ఆరోపణలు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో ఆ కేసు వేసింది. ఒప్పుకోని ప్రొఫెసర్లను ఎడిటర్లుగా చూపించారని, వస్తామని చెప్పని శాస్త్రవేత్తల పేర్లు వాడుకుని కాన్ఫరెన్సులకు ప్రచారం చేసుకున్నారని కూడా అందులో ఉంది. కంపెనీ ఇదంతా తప్పని వాదించింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు కమిషన్ వైపే తీర్పిచ్చి 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అప్పీల్‌లోనూ 2020లో అదే నిలిచింది. దానికి ముందు, 2013లో, తమను అనుమానాస్పద ప్రచురణకర్తల జాబితాలో పెట్టిన జెఫ్రీ బీల్‌కు 100 కోట్ల డాలర్ల దావా వేస్తామని ఓమిక్స్ తరఫున నోటీసు వెళ్లింది. ఆయన అప్పట్లో కొలరాడోలో ఒక లైబ్రేరియన్. లైబ్రేరియన్ జీతం మీద 100 కోట్ల డాలర్లు! మా సెక్షన్‌లో ఇప్పటికీ దీని మీద జోకులు నడుస్తుంటాయి.

మీ జర్నల్ ఎవరిదో నాకు తెలియదు, హైదరాబాద్ అడ్రస్ ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టను. సైట్ మీద స్కోపస్ (పరిశోధన జర్నల్స్ డేటాబేస్) లోగో ఉంటే నమ్మకండి, స్కోపస్ సోర్సెస్ పేజీలో ఐఎస్ఎస్ఎన్, అంటే జర్నల్ గుర్తింపు నంబరు, కొట్టి మీరే చూడండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎంత ఉదహరిస్తున్నారో చెప్పే అంకె, క్లారివేట్ అనే కంపెనీ ఇస్తేనే లెక్క. ఎడిటోరియల్ బోర్డులో ఒకరిద్దరికి నేరుగా మెయిల్ పెట్టి, ఆ జర్నల్‌తో వాళ్లకు సంబంధం ఉందో లేదో అడగండి.

డబ్బు మాత్రం కట్టొద్దు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎవరి మీదా కేసు పడలేదు, బెదిరింపు మెయిళ్లతోనే సరి.

పాత_ఎడిటోరియల్:
మూర్తి గారన్నది నిజం. నేను ఎం.ఫార్మసీ అయ్యాక ఇలాంటి ఒక ఆఫీసులో చేశాను, పేరు వద్దు. నెలకి ఇన్ని ఆర్టికల్స్ అని టార్గెట్, దాటితే ఇన్సెంటివ్. మెయిల్ కింద సంతకం మాది కాదు, ఏదో ఇంగ్లిష్ పేరు. నేను రెండేళ్లు ఎమిలీని! విత్‌డ్రాయల్ ఫీజు అనేది బేరానికి పెట్టిన అంకె. మీరు గట్టిగా ఉంటే 400 కాస్తా 200 అవుతుంది, ఇంకాస్త ఆగితే 99. అప్పుడు చవకగా వస్తోంది కదా అని కట్టేయకండి, కట్టినవాళ్ల మెయిల్ ఐడీ మళ్లీ మళ్లీ వాడుకుంటారు. నేను భయపడేది ఇంకోటి: డబ్బు రాకపోయినా ఇష్యూ నింపడానికి పేపర్‌ని సైట్‌లో ఎక్కించేస్తారు.

ఫార్మా_స్కాలర్:
ఫారం ఇంకా పంపలేదు సార్. పేపర్ సైట్‌లో లేదు, ఇప్పుడే చూశాను. ఐఎస్ఎస్ఎన్ కొడితే స్కోపస్‌లో ఏమీ రాలేదు, సైట్‌లో మాత్రం లోగో ఇంత లావున ఉంది.

లైబ్రరీ_మూర్తి:
అయితే ఈ రాత్రికే యూనివర్సిటీ మెయిల్ నుంచి రాయండి, గైడ్ గారిని సీసీలో పెట్టండి. ఫీజు ముందుగా చెప్పలేదు, కాపీరైట్ ఇవ్వలేదు, ప్రచురించడానికి నా అనుమతి లేదు, ఫలానా తేదీ నుంచి పేపర్ వెనక్కి తీసుకుంటున్నాను. అంతే, బతిమాలొద్దు. సైట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. వాళ్లు ఒప్పుకుంటూ జవాబిచ్చాకే ఇంకో చోటికి పంపండి. జవాబు రాకపోతే ఈ మెయిళ్లన్నీ కొత్త ఎడిటర్‌కి ముందే చూపించి అడగండి. చెప్పకుండా పంపాక పాత పేపర్ నెట్‌లో బయటపడితే డూప్లికేట్ పబ్లికేషన్ (ఒకే పేపర్ రెండు చోట్ల వేయడం) అంటారు, ఆ మచ్చ మీదే అవుతుంది.

ఇండియన్ ఫార్మకలాజికల్ సొసైటీ వాళ్ల జర్నల్ చూడండి. ఫీజు, షరతులు పంపే ముందే చదవండి. నెలలు పడుతుంది, రివ్యూయర్లు ఏడిపిస్తారు కూడా. మీ సబ్మిషన్ గడువు ఎప్పటిదాకా ఉంది?